ఇద్దరు లాయర్లూ, ఒక ఏలకుల రొట్టె

టామరాక్ క్రీక్, విస్కాన్సిన్
1985 సెప్టెంబరు 15, ఆదివారం

ఒరే ఆర్నీ,

నీకో అక్క ఉందని గుర్తుచేయడానికే ఈ ఉత్తరం. మిల్వాకీలో పెద్ద లాయరువి, తీరిక ఉండదని తెలుసు. పోనీ ఫోను చేద్దామంటే మా లైను మీదే పక్కింటి ఎల్వినా ఫోను కూడా ఉందాయె. మనం మాట్లాడుతుంటే ఆవిడ ఊపిరి వినిపిస్తుంది.

ఇక్కడ ఆపిల్స్ విరగగాశాయి. మీ బావ క్లారెన్స్ మొక్కజొన్న కోతల్లో పడి ఇంటి మొహం చూడ్డం లేదు. ఐనార్ అన్నయ్య కులాసా. మొన్న నలభై ఏడు నిండాయి. కేకు మీద కొవ్వొత్తులన్నీ ఊదేసి, మళ్ళీ వెలిగించమన్నాడు. వెలిగించాం. ఆర్పాడు. మళ్ళీ వెలిగించమన్నాడు. చివరికి కేకు కంటే మైనమే ఎక్కువ తిన్నాం. ఇప్పటికీ సాయంత్రం ఆవుల్ని పేరుపేరునా పిలిచి పాకలోకి తోలేది అన్నయ్యే. క్లారెన్స్ పిలిస్తే ఒక్కటీ కదలదు.

అసలు సంగతి బెరిట్‌ది. నీ మేనకోడలికి పదేళ్ళు వచ్చాయి. మాటా నెమ్మది, చదువూ నెమ్మది, అన్నయ్య పోలికే అని ఊరంతా అంటుంది, నేనూ కాదనను. ఏటా బడివాళ్ళూ మేమూ బల్ల చుట్టూ కూచుని, ఈ పిల్లకి ఏం నేర్పాలి, ఎక్కడ నేర్పాలి అని కాగితం మీద పెట్టుకుంటాం కదా. ఈసారి దాన్ని మన బడి మాన్పించి, మార్స్‌టన్‌లో కౌంటీవాళ్ళు ఇలాంటి పిల్లల కోసం పెట్టిన వేరే బడికి పంపాలంటున్నారు. తెల్లవారకముందే బస్సెక్కాలి, చీకటి పడ్డాక దిగాలి. చలికాలంలో దానికి ఇంటిని వెలుతుర్లో చూసే యోగం శని ఆదివారాల్లోనే.

అక్టోబరు పదిన మీటింగు. ఊరికే చెప్పాలనిపించి చెబుతున్నా. నువ్వేం హడావిడి పడి రానక్కర్లేదు.

మా మరదలు జూడిత్‌ని అడిగానని చెప్పు.

నీ అక్క
మారిట్

•

మిల్వాకీ
సెప్టెంబరు 21

అక్కా,

ఉత్తరం ఆఫీసులో రెండుసార్లు చదివాను. ఆపిల్స్ దగ్గర నవ్వుకున్నాను, బస్సు దగ్గర రక్తం మరిగింది.

ఇరుగుపొరుగు పిల్లలతో, దగ్గరి బడిలో చదివే హక్కు బెరిట్‌కి ఉంది. చట్టం వచ్చి పదేళ్ళయింది. సహాయకురాలిని పెట్టుకోవడం ఖర్చని వాళ్ళు పిల్లని బస్సెక్కిస్తామంటే కుదరదు. ఆ మాట నువ్వు చెబితే తల ఊపి ఊరుకుంటారు. నేను చెబితే రాసుకుంటారు. లోకం తీరే అంత, నా గొప్ప కాదు.

ఆ బల్ల దగ్గర ఒంటరిగా కూచోకు. అక్కడ వాళ్ళు ఆరుగురుంటారు, నువ్వూ బావా ఇద్దరు. బావ నోరు విప్పడు. నన్ను రమ్మను, వస్తాను.

ఆఫీసు కిటికీలోంచి సరస్సు కనిపిస్తుంది గానీ మన ఊరి వాన వాసన రాదు. ఏలకుల రొట్టె కాల్చావా? జూడిత్ చేస్తుంది గానీ అది రొట్టె, అమ్మ రొట్టె కాదు. ఈ ముక్క దానికి చెప్పకు.

నీ తమ్ముడు
ఆర్నీ

•

టామరాక్ క్రీక్
సెప్టెంబరు 27

ఆర్నీ,

నీ ప్రేమకి సంతోషం. కానీ వద్దులే నాయనా.

నువ్వొస్తే వాళ్ళూ ఓ లాయర్ని తెస్తారు. అప్పుడక్కడ మాట్లాడేది మీరిద్దరే. మిసెస్ క్వామ్ అని బెరిట్ టీచరుంది చూడు, ఆవిడకి మార్స్‌టన్ సంగతి సుతరామూ ఇష్టం లేదు. దుకాణంలో నా చెయ్యి పట్టుకుని చెప్పింది. 'మారిట్, కోట్లు తగిలించే కొక్కేల మీద పిల్లల పేర్లుంటాయి కదా, బెరిట్ అన్నీ చదువుతుంది. ఎవరి కోటు కిందపడినా వాళ్ళ కొక్కేనికే తగిలిస్తుంది. చదవలేదని ఎవరన్నారు?' అంది. ఆ మాట మీటింగులో ఆవిడ నోట రావాలి. సూటు వేసుకున్నవాణ్ణి చూస్తే ఆవిడకి నోరు పెగలదు. ఉద్యోగం కదా.

ప్రిన్సిపాల్ ఎవరనుకున్నావు, మన ఫాస్. నాలుగో తరగతిలో నా జడ సిరాబుడ్డిలో ముంచినవాడు. వాడికి ఏలకుల రొట్టె ఓ ముక్క పెట్టి, 'ఒరే నాయనా, నా పిల్లని ఊరు దాటించకు' అంటే వినడంటావా? అమ్మ చేసిందీ అదేగా. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

చర్చి నేలమాళిగలో చేపల విందు వచ్చే వారమే. ఈసారి బంగాళాదుంపలు ఒలవడం నా వంతు. నా చేతుల గతేమవుతుందో.

మారిట్

•

మిల్వాకీ
అక్టోబరు 2

అక్కా,

నాకు నవ్వొచ్చింది. మన ఊళ్ళో ఎవరింటికైనా వెళ్తే కాఫీ ఇస్తామంటారు. 'అబ్బే, వద్దండీ' అనాలి. మళ్ళీ అడుగుతారు. 'శ్రమ పడకండి' అనాలి. మూడోసారి అడిగితే 'సరే, చిన్న కప్పుడు' అని రెండు కప్పులు తాగాలి. మొదటిసారే తీసుకుంటే ఆశపోతుతనం, మూడోసారీ కాదంటే పొగరు. అమ్మ ఇది మనకి ఉగ్గుపాలతో పెట్టింది.

నువ్వు రెండుసార్లు వద్దన్నావు. మూడోసారి అడిగి తపాలా బిళ్ళ ఖర్చు ఎందుకని నేనే సరేననుకున్నాను. ఆఫీసు కాగితం మీద బడికి రాశాను, బెరిట్ తరఫున వస్తున్నానని. తొమ్మిదిన బయల్దేరతాను. అన్నయ్యకి చెప్పు, చదరంగం పావులు తీసి పెట్టమను. ఈసారి కూడా తనే గెలుస్తాడు.

ఆర్నీ

•

టామరాక్ క్రీక్
అక్టోబరు 11

ఆర్నీ,

నిన్న నువ్వు కారెక్కేటప్పుడు మాట్లాడలేదు. మాట్లాడితే ఏమంటానోనని భయమేసింది. ఇప్పుడు రాస్తాను.

నేను వద్దంటే వద్దనేరా! అది కాఫీ కాదు, నా పిల్ల.

నీ ఆఫీసు కాగితం అందగానే వాళ్ళు కౌంటీ కేంద్రం నుంచి ఆ లాయరు లీమన్ని పిలిపించుకున్నారు. ఫాస్ నన్ను 'మేడమ్' అన్నాడు. నా జడ ముంచినవాడు నన్ను మేడమ్ అన్నాడు! నువ్వో నిబంధన అంకె చెబితే లీమన్ ఇంకో అంకె చెప్పాడు. గంటసేపు అంకెలే. మీ ఇద్దరి నోటా బెరిట్ పేరు ఒక్కసారి రాలేదు, 'విద్యార్థి' అన్నారు. మిసెస్ క్వామ్ ఏదో చెప్పబోయింది. లీమన్ చెయ్యి అడ్డంపెట్టి, 'అవసరమైతే రాతలో ఇస్తాం' అన్నాడు. ఆవిడ కళ్ళు దించుకుంది, మళ్ళీ ఎత్తలేదు. చూశావా నువ్వు? చూసి ఉండవు, కాగితాలు తిప్పుతున్నావు.

నా రొట్టె బల్ల మీద గుడ్డ విప్పకుండా అలాగే ఉండిపోయింది. చివరికి తేలిందేమిటి, నవంబరు ఇరవై ఆరుకి వాయిదా. ఈలోగా ఇరువైపులా కాగితాలు.

రొట్టె ఇంటికి తెస్తే అన్నయ్య గుడ్డ విప్పి చూసి, 'వాళ్ళకి నచ్చలేదా?' అన్నాడు. తెల్లవార్లూ ఆ మాటే చెవిలో.

మారిట్

•

మిల్వాకీ
అక్టోబరు 19

అక్కా,

నీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర చదివాను. జూడిత్ అడిగింది, ఎవరైనా పోయారా అని.

క్వామ్ గారిని చూడలేదు, నిజం. కానీ నువ్వు అమ్మ రొట్టె గురించి రాస్తావు చూడు, అది నాకు వేరేలా గుర్తుంది. నువ్వు మూడో తరగతిలో, లోపల ఉండేదానివి. నేను బయట బెంచీ మీద ఉండేవాణ్ణి. మొన్న మీటింగు జరిగిన ఆ గది బయటే ఉండేది ఆ బెంచీ. నాకు ఐదేళ్ళో ఆరేళ్ళో. అన్నయ్యకి పన్నెండు. అమ్మ నీలం టోపీ పెట్టుకుని, రొట్టె గుడ్డలో చుట్టుకుని, అన్నయ్యని బడిలో చేర్చుకోమని అడగడానికి లోపలికెళ్ళేది. నేను అన్నయ్య చెయ్యి పట్టుకుని కూచునేవాణ్ణి. తనని పట్టుకోమని నాకు చెప్పేది అమ్మ. నిజానికి నేను పట్టుకున్నది నాకు భయమేసి. తలుపు మూసేవాళ్ళు. కాసేపటికి అమ్మ చేతిలో రొట్టె లేకుండా బయటికొచ్చేది. రొట్టె తీసుకునేవాళ్ళక్కా, అన్నయ్యని తీసుకునేవాళ్ళు కాదు.

ట్రక్కెక్కి చాలాసేపు తాళం తిప్పేది కాదు. ఏడ్చేది. ఏడుస్తుంటే టోపీ పక్కకి ఒరిగేది. అన్నయ్య దాన్ని సరిచేసేవాడు.

ఆ గదిలో అమ్మ పక్కన ఒక్క మనిషుంటే ఎంత బాగుండేదో అని ఆ రోజు నుంచీ అనుకుంటూనే ఉన్నాను. నేను లాయర్నయింది ఆ ఒక్క మనిషిని కావడానికే. నువ్వేమో గొడ్డలి అన్నావు.

ఆర్నీ

•

టామరాక్ క్రీక్
అక్టోబరు 27

తమ్ముడూ,

అమ్మ ట్రక్కులో ఏడ్చేదని నాకు తెలియదు. అమ్మ ఎప్పుడైనా ఏడ్చిందంటేనే నమ్మను. నువ్వు చెబుతున్నావు కాబట్టి నమ్ముతున్నాను.

కానీ గంట సంగతి మరిచిపోయావా? ఏటా బడి తెరవగానే అమ్మ వెళ్ళి వెళ్ళి, రొట్టె పెట్టి పెట్టి, చివరికి ఆ ముసలి ప్రిన్సిపాల్ థోర్స్‌రూడ్ మెత్తబడ్డాడు. 'పిల్లాణ్ణి పొద్దున గంట కొట్టమను' అన్నాడు. అన్నయ్య ఆ తాడు పట్టుకుని లాగుతుంటే కాళ్ళు నేల మీద ఆనేవి కావు. మంచైనా వానైనా ఒక్క రోజు మానలేదు. గంట విని మేమంతా పరిగెత్తేవాళ్ళం. పక్కనున్న పిల్లలకి 'మా అన్నయ్య కొట్టాడు' అని చెప్పుకునేదాన్ని. నా బడి రోజుల్లో నాకు మిగిలిన తీపి అదేరా. లాయరు లేకుండా, గొడవ లేకుండా, అమ్మ సాధించింది.

అన్నయ్య ఇప్పటికీ చర్చి గంట వింటే చేతులు పైకెత్తి లాగుతున్నట్టు చూపిస్తాడు. బెరిట్ కూడా పక్కన నిలబడి లాగుతుంది. ఇద్దర్నీ చూస్తే నవ్వాగదు.

అక్క

•

మిల్వాకీ
నవంబరు 3

అక్కా,

గంట నాకూ గుర్తుంది. గంట కొట్టి అందర్నీ లోపలికి పంపాక అన్నయ్య ఏం చేసేవాడో గుర్తుందా? నీకెలా తెలుస్తుంది, నువ్వప్పటికి లోపల ఉండేదానివి. ఖాళీ ఆవరణలో కాసేపు నిలబడేవాడు. తలుపు మూసుకున్నాక ఇంటికి నడిచొచ్చేవాడు. నేనింకా బడికి రాని రోజులు, బడి కంచె దగ్గర నిలబడి ఎదురుచూసేవాణ్ణి. వస్తూనే, 'అందరూ వెళ్ళారు' అనేవాడు. పని బాగా అయిందన్నట్టు.

నీ తీపి చెడగొట్టాలని కాదు. అమ్మకి అంతకు మించి దక్కలేదు, దక్కిందాన్ని పండగ చేసుకుంది. బెరిట్‌కి అంతటితో సరిపెట్టొద్దు.

అయినా బల్ల దగ్గర నేనుంటే క్వామ్ గారి నోరు మూతపడుతుందన్నావు. ఆ మాటా కాదనలేకపోతున్నాను. అందుకే ఈసారి నా అంతట నేను రాను. రమ్మంటావా?

ఆర్నీ

•

టామరాక్ క్రీక్
నవంబరు 9

ఆర్నీ,

నీ ఉత్తరం క్లారెన్స్‌కి చదివి వినిపించాను. మధ్యలో లేచి, ఆవులకి గడ్డి వేయాలంటూ వెళ్ళిపోయాడు. అప్పటికే వేసి ఉంది.

'అందరూ వెళ్ళారు.' ఇప్పుడు నేను కూడా ఆ మాటలో అన్నయ్యని చూస్తున్నాను. ముప్పై ఏళ్ళు ఆ గంట శబ్దాన్నే దాచుకున్నాను గానీ, కొట్టినవాడు తర్వాత ఎటు పోయాడని ఒక్కసారైనా అనుకోలేదు.

మీటింగుకంటావా, వద్దులే. మంచు మొదలైంది. దారి బాగాలేదు. నీ పనులు పాడుచేసుకుని అంత దూరం ఎందుకు.

మారిట్

•

మిల్వాకీ
నవంబరు 13

అక్కా,

సరే, రాను. ఈసారి నీ మాట మీదే ఉంటాను. ధైర్యంగా వెళ్ళు.

ఆర్నీ

•

టామరాక్ క్రీక్
నవంబరు 16

ఒరే మొద్దూ,

మూడోసారి అడగవేం?

వద్దని రాసి పోస్టు డబ్బాలో వేసిన దగ్గర్నుంచీ నీ ఉత్తరం కోసం గేటు దగ్గర కాపలా కాశాను. తీరా వస్తే, 'సరే, రాను' అట! రానక్కర్లేనప్పుడు ఎగేసుకుని వచ్చావు, రావాల్సినప్పుడు బుద్ధిమంతుడివయ్యావు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనమేమో అడిగేవాళ్ళని కూడా తిప్పి పంపేస్తాం. ఏం మనుషులంరా మనం.

అందుకని మన వంశంలో ఎవరూ చేయని పని చేస్తున్నాను. మొదటిసారే అడుగుతున్నాను. రా. నాకు భయంగా ఉంది. మార్స్‌టన్ బస్సు కలలోకి వస్తోంది, బెరిట్ కిటికీలోంచి చెయ్యూపుతోంది. రా.

కానీ మిసెస్ క్వామ్ మాట్లాడాలి. అదెలాగో నువ్వే ఆలోచించు, చదువుకున్నవాడివి.

అక్క

•

మిల్వాకీ
నవంబరు 20

అక్కా,

వస్తున్నాను.

లీమన్‌కి ఫోను చేశాను. పోయినసారి మనిద్దరం ఊడబొడిచిందేమీ లేదుగా అన్నాను. ఆయనా అవునన్నాడు. ఒక ఒప్పందానికి వచ్చాం. ఇద్దరం వస్తాం, కానీ గదిలోకి వెళ్ళం. తలుపు బయట బెంచీ మీద కూచుంటాం. మీలో ఎవరైనా పిలిస్తే ఇద్దరం కలిసి లోపలికొస్తాం, పిలవకపోతే రాం. ఫాస్ సరేనన్నాడట.

చట్టం ఏమంటుందో మామూలు మాటల్లో ఒక కాగితం మీద రాసి పంపుతున్నాను. వంటింట్లో పైకి చదువు. బావనీ ఒక వాక్యమైనా నేర్చుకోమను. ఎక్కడైనా తడబడితే తలుపు వైపు చూడు. నేనక్కడే ఉంటాను.

పోయినసారి కాగితాల గొడవలో చూడనేలేదు, ఆ పాత బెంచీయే ఇంకా ఉందా?

ఆర్నీ

•

టామరాక్ క్రీక్
నవంబరు 28, థాంక్స్‌గివింగ్, వంటంతా అయ్యాక

ఆర్నీ,

మొన్న మంచు తుపాను వస్తోందని నువ్వు కంగారుగా కారెక్కి వెళ్ళిపోయావు. నీకు తెలిసింది బెంచీ మీది సంగతే. లోపలిది చెబుతాను.

లోపలికి వెళ్ళే కంగారులో రొట్టె అన్నయ్య ఒళ్ళో పెట్టి మరిచిపోయాను. నువ్వొస్తున్నావంటే తనూ వస్తానని పట్టుబట్టాడు గదా, బెంచీ మీద నీ పక్కన బుద్ధిగా కూచోబెట్టాను.

ముందుగా ఫాస్, 'సహాయకురాలికి డబ్బు లేదు మారిట్, మా చేతుల్లో ఏముంది' అన్నాడు. మేడమ్ పోయి మారిట్ వచ్చింది, అంతవరకు నయం. నీ కాగితంలో మాట గుర్తొచ్చింది గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తలుపు వైపు చూశాను, అంతే. ఫాస్ కూడా చూశాడు. 'అంటే, పూర్తిగా లేదని కాదు' అన్నాడు. నువ్వు గదిలో ఉండి గంటసేపు సాధించనిది, బయట ఊరికే కూచుని సాధించావు. గొడ్డలి అన్నందుకు ఏమీ అనుకోకు. గొడ్డలి కావాలి. తలుపు వెనక ఆనించి ఉండాలి.

అప్పుడు మిసెస్ క్వామ్ మొదలుపెట్టింది. కొక్కేల సంగతి చెప్పింది. కౌంటీ నుంచి వచ్చినావిడ, 'మా పరీక్షలో ఒక్క మాటా చదవలేదే' అంది. క్వామ్ ఎర్రబడి, 'మీ పరీక్షలో ఆ పిల్లకి తెలిసినవాళ్ళ పేర్లు ఏమున్నాయి?' అంది. ఆవిడ గొంతు పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. మీ బావ టోపీ మోకాలి మీంచి తీసి బల్ల మీద పెట్టి, 'మా పిల్ల మన ఊళ్ళోనే చదవాలి' అన్నాడు. పెళ్ళయ్యాక నలుగురిలో ఆయన మాట్లాడటం అదే మొదలు.

సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. నువ్వే అనుకున్నాను. కాదు, ఐనార్ అన్నయ్య. రెండు చేతుల్లో రొట్టె. 'మారిట్ మరిచిపోయింది' అన్నాడు. గడప దగ్గర ఆగిపోయాడు చూడు, కాలు లోపలికి వేయకుండా! అది థోర్స్‌రూడ్ గదిరా. తలుపు, గడప, అన్నీ అవే.

ఫాస్ లేచాడు. అన్నయ్య గంట కొడితే బడికి పరిగెత్తినవాడే కదా వాడూ. గోడవార ఉన్న కుర్చీ లాక్కొచ్చి తన పక్కన వేసి, 'రా ఐనార్, కూచో' అన్నాడు.

ఆర్నీ, కూచున్నాడు. అమ్మ చూడలేదు గానీ నేను చూశాను. చూసి ఏడ్చాను, అందరి ముందూ.

క్వామ్ రొట్టె కోసింది. ఇస్తే కౌంటీ ఆవిడ మొదటిసారే తీసేసుకుంది, పాపం ఆవిడది మన ఊరు కాదు. బెరిట్ మన బడిలోనే ఉంటుంది. రోజూ ఒక పూట సహాయకురాలు ఉంటుంది. రాసుకున్నారు, సంతకాలు పెట్టాం. బెరిట్‌కి చెబితే, 'నాకు తెలుసు' అంది, ఎవరు చెప్పారో మరి.

ఇవాళ విందులో మీ ఇద్దరి కుర్చీలూ ఖాళీగా ఉంటే మనసుకి వెలితిగా ఉంది. వచ్చే ఏడు జూడిత్‌ని తీసుకురా. అడుగుతున్నాను సుమా, మొదటిసారే.

ఇంకో మాట. పాలు పితికే వేళ అన్నయ్య క్లారెన్స్‌తో అంటుంటే విన్నాను. 'నేను లోపలికెళ్ళాను. ఫాస్ కుర్చీ వేశాడు' అన్నాడు. కాసేపు ఆవు వీపు నిమిరి, దిగులుగా అన్నాడు. 'పాపం ఆర్నీ. వాణ్ణి రానివ్వలేదు. బెంచీ మీదే కూచోబెట్టారు. వచ్చే ఏడు నేను రొట్టె పట్టుకెళ్ళి అడుగుతాను.'

మీ అక్క
మారిట్